విజయవాడలో పాత టేకు తలుపులు, కిటికీలు నమ్మకంగా ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఇంట్లో నీళ్లు రోజుల తరబడి నిలిచి ఫ్లష్ డోర్లన్నీ ఉబ్బిపోయాయి, పొరలు విడిపోయాయి, ఇప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తున్నాం. కొత్త టేకు కొనే స్తోమత లేదు, మళ్లీ ఫ్లష్ డోర్లంటే భయం, అందుకే పాత ఇళ్లు పడగొట్టినప్పుడు తీసిన తలుపులు, కిటికీలు చూస్తున్నాం.

కెనడా, అమెరికాల్లో పేదలకి ఇళ్లు కట్టించే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ వాళ్లకి రీస్టోర్ అనే దుకాణాలున్నాయి. 1991లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలయ్యాయి. జనం దానమిచ్చిన తలుపులు, సింకులు, టైల్స్, లైట్లు తక్కువ ధరకి అమ్మి, ఆ డబ్బుని పేదల ఇళ్ల కోసం వాడతారు. అలాంటిది విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ సేవాసంస్థ అయినా నడుపుతోందా? ఉంటే మొదట అక్కడికే వెళ్తాం, మా డబ్బు ఇంకొకరి ఇంటికి పనికొస్తుంది కదా.

లేకపోతే పాత కలప ఎక్కడ కొనొచ్చో చెప్పండి. పాత తలుపుకి రంగు వేసేస్తే టేకో వేపో నాకు తెలియట్లేదు, అదే పెద్ద టెన్షన్. ఒకచోట మూల కాస్త గీకి చూస్తామంటే ఒప్పుకోలేదు. మీరైతే ఏం చూస్తారు? లోపల చెదలుంటే తట్టినప్పుడు చప్పుడులో తేడా తెలుస్తుందా? తలుపు పెద్దదైతే చిత్రిక పట్టించొచ్చు, కాస్త చిన్నదైతే అంచుకి పట్టీ వేయిస్తే నిలుస్తుందా? కొన్నవాళ్లు ధరతో సహా చెప్పండి, వానలు మొదలయ్యేలోపు పెట్టించాలి.