డిఫెండర్ గేహీ కోసం జనవరిలో డబ్బు పెట్టాలా, జూన్ దాకా ఆగాలా?

కోనసీమ_కాప్ (అమలాపురం), 6 అక్టోబర్ 2025

దసరా సెలవులు అయిపోయేసరికి మన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ వరసగా మూడు మ్యాచులు ఓడింది. ముందు క్రిస్టల్ ప్యాలెస్, తర్వాత గలాటసరాయ్, మొన్న శనివారం చెల్సీ. చెల్సీ మ్యాచ్‌లో చివరి నిమిషాల గోల్ చూసి టీవీ కట్టేసి పడుకున్నా, నిద్ర పట్టలేదు. పొద్దున లేచి చూస్తే గ్రూపుల నిండా ఒకటే మాట, "గేహీని తెచ్చుకోవలసింది" అని.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్ మార్క్ గేహీని 35 మిలియన్ పౌండ్లకు తీసుకోడానికి సెప్టెంబర్ 1న, వేసవి బదిలీల గడువు ఆఖరి రోజున, అంతా కుదిరింది. అతని బదులు తమకు రావలసిన డిఫెండర్ రాకపోవడంతో ఆఖరి గంటల్లో ప్యాలెస్ వెనక్కి తగ్గింది. అతని కాంట్రాక్ట్ వచ్చే జూన్‌తో అయిపోతుంది. ఇటు మన డిఫెండర్లలో వాన్ డైక్‌కి 34 వచ్చాయి. కొనాటే కాంట్రాక్ట్ కూడా జూన్‌తోనే సరి. క్వాన్సాను వేసవిలో లెవర్‌కూసెన్‌కి అమ్మేశాం. పర్మా నుంచి తెచ్చిన లియోనీ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకున్నాడు, లోపలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. మిగిలింది గోమెజ్, అతను ఎప్పుడు ఫిట్‌గా ఉంటాడో అతనికే తెలియదు.

నా ఓటు జనవరిలో బదిలీలు మళ్లీ మొదలవగానే కొనడానికే. అయితే గ్రూపుల్లో తిరుగుతున్న కారణాలు మాత్రం నాకు నచ్చలేదు. ఇన్ని టాకిల్స్, ఇన్ని క్లియరెన్సులు, ఇన్ని బ్లాకులు అని చార్టులు పెడుతున్నారు. ఆ అంకెల్లో సగం ప్యాలెస్ ఆడే పద్ధతివే, గేహీవి కావు. మే 17న ఎఫ్ఏ కప్ ఫైనల్ గుర్తుందా? బంతి దాదాపు మ్యాచంతా మాంచెస్టర్ సిటీ కాళ్ల దగ్గరే ఉంది, గెలిచింది మాత్రం ప్యాలెస్, 1-0తో. అలా పెనాల్టీ బాక్సులో కూర్చుని ఆడే టీమ్‌లో స్టాపర్ (గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్) ఎవరైనా క్లియరెన్సులు కుప్పలుగా వస్తాయి. అదే మనిషిని మన మైదానం ఆన్‌ఫీల్డ్‌లో నిలబెడితే బంతి తన దగ్గరికి పది నిమిషాలకోసారి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం వెనక సగం మైదానం ఖాళీగా ఉంటుంది, పక్కన ఎవడూ ఉండడు.

కాబట్టి చూడాల్సింది అతను గెలిచిన బంతులు కాదు. మనవాడి కాలి నుంచి బంతి పోయిన క్షణాన డిఫెండర్ ఎటు తిరిగి ఉన్నాడు, అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడా, ఎదురొచ్చేవాడి మీదికి దూకాడా లేక ఆపుతూ, ఆలస్యం చేస్తూ పక్కకి తోశాడా. గేహీ దూకడు. ఒళ్లు సగం తిప్పి, ఫార్వర్డ్‌ని పక్క గీత వైపు నడిపిస్తాడు. నాకు నచ్చింది అదే. వేగం విషయంలో మరీ గొప్పవాడేం కాదు, ప్యాలెస్‌లో ఆ లోటు మధ్యలో ఉండే లక్రోయ్ పూడుస్తాడు. అది ఒప్పుకునే కొనాలంటున్నా.

చెరువుగట్టు (భీమవరం)

కాప్ అన్నా, అంతా బాగానే చెప్పావు గానీ డబ్బు సంగతి చుట్టూ తిరిగి వెళ్లిపోయావు. 35 మిలియన్ పౌండ్లంటే మన లెక్కలో నాలుగొందల కోట్ల పైమాట. జూన్ దాకా ఆగితే కాంట్రాక్ట్ అయిపోయి సున్నాకే వస్తాడు. ఫార్వర్డ్ ఇసాక్ మీద 125 మిలియన్లు అదే రోజు పెట్టినవాళ్లం, ఇంకా ఎక్కడి నుంచి తెస్తాం?

మటిప్‌ని మర్చిపోయావా? 2016లో షాల్కే నుంచి ఫ్రీగా వచ్చాడు, ఛాంపియన్స్ లీగ్ గెలిచిన టీమ్‌లో ఆడాడు. ఇక జనవరిలో కంగారుగా కొంటే ఏమవుతుందో కూడా మనమే చూశాం. 2021 జనవరిలో వాన్ డైక్, గోమెజ్, మటిప్ ముగ్గురూ గాయాలతో పడుంటే కబాక్‌ని లోన్ మీద, బెన్ డేవిస్‌ని ప్రెస్టన్ నుంచి డబ్బిచ్చి తెచ్చారు. డేవిస్ మన చొక్కాతో ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడలేదు! ఆ సీజన్ చివర్లో టీమ్‌ని మూడో స్థానానికి లాక్కొచ్చింది ఎవరు? నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్. ఊరికే ఇంట్లో ఉన్నవాళ్లు.

ఒకవేళ కొన్నా 35 ఎందుకిస్తాం? రొయ్యల చెరువులో వైట్ స్పాట్ తెగులు కనబడితే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) చూస్తూ కూర్చుంటామా, ఎంతొస్తే అంతకి పట్టించేస్తాం. జనవరికి ప్యాలెస్ పరిస్థితి అదే. ఆర్నెల్లు ఆగితే చేతికి పైసా రాదు. 15 అనండి, 20 అనండి, వాళ్లే దిగొస్తారు.

కోనసీమ_కాప్

తమ్ముడూ, ధర తగ్గించి అడగమంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ "జూన్ దాకా ఆగుదాం" అన్నదాంట్లో ఒక చిక్కుంది. జనవరి 1 నుంచి మాడ్రిడ్, బయర్న్ లాంటి విదేశీ క్లబ్బులు అతనితో ముందే సంతకం పెట్టించుకోవచ్చు. ఇంగ్లండ్‌లోనే ఉన్న మనకి ఆ వీలు లేదు. అంటే ఆగడం అన్నది మనకీ వాళ్లకీ ఒకటి కాదు. మనం చేతులు కట్టుకుని నిలబడితే వాళ్లు పెన్ను ఇస్తారు. కాంట్రాక్ట్ చివరిదాకా సాగితే ఏమవుతుందో మన ట్రెంట్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయినప్పుడు ఒకసారి ఏడ్చాం కదా.

ఇంకోటి. వాన్ డైక్ కూడా వేసవిలో రాలేదు. 2017 జూన్‌లో అతని క్లబ్ సౌతాంప్టన్‌కి బహిరంగంగా క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గాం. వేరేవాడిని కొనకుండా ఆర్నెల్లు ఓపిక పట్టి, జనవరి రాగానే 75 మిలియన్లు ఇచ్చాం. డిఫెండర్‌కి అంత డబ్బా అని ప్రపంచమంతా నవ్వింది. కబాక్, డేవిస్‌లది వేరే కథ. వాళ్లు అప్పటికప్పుడు దొరికినవాళ్లు. ముందే చూసి, ఎంచుకుని, మెడికల్ దాకా వెళ్లినవాడు గేహీ. రెండింటినీ ఒక గాటన కట్టకు.

పాలకొల్లు_పెద్దాయన

ఆయ్, నేనూ ఒక మాటేసుకుంటానండి. మీరిద్దరూ డబ్బు గురించి కొట్టుకుంటున్నారు, ఎత్తు ఎవరూ అడగరేం? వాన్ డైక్, కొనాటే ఇద్దరూ ఆరడుగుల నాలుగంగుళాల దరిదాపు మనుషులు. ఈ అబ్బాయి ఆరడుగులు. ఈ ఏడాది ఇంగ్లండ్‌లో ఎవడు చూసినా లాంగ్ త్రోలే (పక్క గీత నుంచి చేత్తో బంతిని గోల్ ముందుకి విసరడం). మొన్న ప్యాలెస్ మన మీద గెలిచింది ఎలాగండీ? మొదటిది కార్నర్, ఆఖరిది లాంగ్ త్రో. అలాంటి ఏడాదిలో పొట్టివాణ్ణి తెస్తారా?

ఇంగ్లండ్, స్పెయిన్ ఆడిన యూరో 2024 ఫైనల్ చూశాను. 86వ నిమిషంలో కుకురేయా క్రాస్ వేస్తే ఒయర్జబాల్ ఇతని ముందునుంచే దూరి గోల్ కొట్టాడు. ఇంగ్లండ్ కప్పు అక్కడే పోయింది.

స్టాపర్_యానాం

పెద్దాయన గారూ, ఆ ఫైనల్ మీరు నాలుగు నిమిషాల ముందే ఆపేసినట్టున్నారు. 90వ నిమిషంలో కార్నర్ నుంచి రైస్ హెడర్‌ని గోలీ ఆపితే, తిరిగొచ్చిన బంతిని తలతో గోల్‌లోకి కొట్టింది ఇతనే. గోల్ గీత మీద స్పెయిన్ ఆటగాడు ఓల్మో తల అడ్డం పెట్టాడు గానీ లేకపోతే 2-2. ఎత్తు ఒక్కటే లెక్కయితే 5 అడుగుల 9 అంగుళాల కన్నవారో 2006లో ఇటలీకి వరల్డ్ కప్ ఎలా ఎత్తాడు, ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఎలా పట్టుకెళ్లాడు?

అయితే ఒయర్జబాల్ గోల్ గురించి మీరన్నది వదిలేయను. అందులో ఎత్తు సమస్య లేదండి, అది నేల మీద వచ్చిన బంతి. గేహీ క్రాస్ వేసేవాడి వైపే చూస్తూ ఉండిపోయాడు, మనిషి భుజం పక్క నుంచి జారిపోయాడు. నేను మా ఊరి టీమ్‌లో స్టాపర్‌గా ఆడతాను, ఆ నొప్పి నాకు తెలుసు. క్రాస్ వచ్చేటప్పుడు మెడ రెండు సార్లు తిప్పాలి, ఒకసారి బంతికి, ఒకసారి మనిషికి. అలిసిపోయినప్పుడు ముందు ఆగిపోయేది కాళ్లు కాదు, మెడ. ఇతన్ని కొనేముందు స్కౌట్‌లు చూడాల్సింది 80వ నిమిషం తర్వాతి ఆట. మొదటి అరగంట హైలైట్స్‌లో అందరూ మహానుభావులే.

కాప్ అన్నా, నువ్వు టాకిల్ లెక్కల గురించి అన్నది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. లెక్కలే కాదు, కళ్లు కూడా మోసం చేస్తాయి. 2001లో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ అంతటివాడు తన స్టాపర్ స్టామ్‌ని లాజియోకి అమ్మేశాడు. అకిలిస్ గాయం తర్వాత మునుపటి ఆట లేదనుకున్నాడు. బదులుగా 35 ఏళ్ల బ్లాంక్‌ని తెచ్చాడు. ఆ ఏడాది యునైటెడ్ మూడో స్థానం. స్టామ్ సంగతేంటి? నాలుగేళ్ల తర్వాత ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ తరఫున మన ఎదురుగానే ఉన్నాడు. అమ్మడం పొరపాటని తర్వాత ఫెర్గూసన్ తానే చెప్పాడు.

కాకినాడ_బీచ్‌రోడ్

మన గోదావరి జిల్లాల్లో పెద్ద లీగ్ ఆడే క్లబ్ ఒక్కటి లేదు గానీ, లండన్ కుర్రాడి మెడ ఎటు తిరిగిందో మాట్లాడుకుంటున్నాం. అద్భుతం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తలకి కుట్లతోనే మన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని కోచ్ రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దింపితే గోల్ కొట్టి బంగారు పతకం తెచ్చాడు. మనది డిఫెండర్లని అలా వాడుకున్న దేశం. కొనండి బాబూ, కొనండి, డబ్బు ఎలాగూ మనది కాదు.

చెరువుగట్టు

సరే, యానాం అన్నా. నువ్వు స్టాపర్‌వి కాబట్టి నిన్నే అడుగుతా. ప్యాలెస్ ఆడేది ముగ్గురు స్టాపర్లతో. కుడిన రిచర్డ్స్, మధ్యలో లక్రోయ్, ఎడమన ఇతను. మనది నలుగురి వరుస. ఇతను దాంట్లో ఇముడుతాడా? ఇమడకపోతే ఫ్రీగా వచ్చినా దండగే.

స్టాపర్_యానాం

నలుగురి వరుస అతనికి కొత్తేం కాదు తమ్ముడూ. కోచ్ గ్లాస్నర్ రాకముందు ప్యాలెస్‌లో ఆండర్సన్ పక్కన అలాగే ఆడాడు. యూరో మొదటి మ్యాచుల్లోనూ స్టోన్స్ పక్కన అంతే. నా అనుమానం వేరు. ఆండర్సన్‌తో ఆడినా, స్టోన్స్‌తో ఆడినా, ఇప్పుడు ముగ్గురిలో ఆడినా ఇతనిది ఎడమ పక్కే. మన ఎడమ స్టాపర్ ఎవరు? వాన్ డైక్. కొనాటే వెళ్లిపోతే ఖాళీ అయ్యేది కుడి పక్క. మరి మనం ఇప్పుడు కొంటున్నది కొనాటే బదులా, వాన్ డైక్ బదులా? అది తేల్చకుండా ధర గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

కోనసీమ_కాప్

ఇది మంచి ప్రశ్న, కానీ అంత భయపడాల్సిందేం లేదు. అతను కుడికాలి ఆటగాడు. ఇన్నాళ్లూ కుడికాలితో ఎడమ పక్క ఆడటమే కష్టమైన పని, దాన్నే సాఫీగా చేశాడు. కుడి పక్కకి వస్తే పాస్ ఇంకా సుళువవుతుంది. ఏడాదిన్నర అటు ఆడించి, 2027లో వాన్ డైక్ కాంట్రాక్ట్ ముగిశాక ఎడమకి తెచ్చుకుంటే రెండు ఖాళీలకీ ఒకే మనిషి సరిపోతాడు. అందుకే ఇరవయ్యా ముప్పై అయిదా అన్న దగ్గర నేను పట్టుబట్టను. 25 ఏళ్లవాడు, ప్రీమియర్ లీగ్‌లో అయిదో సీజన్ ఆడుతున్నాడు, కెప్టెన్. ఇలాంటివాడు ఊరికే దొరకడు.

స్టాపర్_యానాం

పాస్ గురించి నాకు బెంగ లేదు. ఎడమన ఆడినన్నాళ్లూ గీత ఎడమ చేతి పక్కన ఉంటుంది, ప్రత్యర్థి వింగర్‌ని అటు తోయడానికి ఒళ్లు ఒక వైపే తిరగడం అలవాటవుతుంది. నువ్వు మెచ్చుకున్న ఆ "సగం తిప్పి నడిపించడం" కూడా అదే. కుడికి మార్చగానే ప్రతిదీ తిరగబడుతుంది. మనిషి జారిపోయే భుజం కూడా మారుతుంది. పెద్దవాళ్లు నేర్చుకుంటారు, కాదనను. కానీ జనవరిలో వచ్చి, ప్రాక్టీసు లేకుండా, టైటిల్ పోరు మధ్యలో నేర్చుకోమంటే మొదటి రెండు నెలలు మనం గోల్స్ తినాలి. వేసవిలో వస్తే ప్రీ సీజన్ అంతా దొరుకుతుంది. కొనడం మానేయమనట్లేదు, కుడి పక్కకే అయితే జనవరి వద్దంటున్నా. వాన్ డైక్‌కి విశ్రాంతి ఇచ్చే మ్యాచుల్లో ఆడించడానికయితే రేపే తెచ్చుకోండి.

చెరువుగట్టు

అంటే చివరికి నా మాటకే వచ్చారు, జూన్!

కోనసీమ_కాప్

జూన్‌లో అతను మాడ్రిడ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాడు తమ్ముడూ, మన లివర్‌పూల్ జాన్ లెనన్ ఎయిర్‌పోర్ట్‌లో కాదు. ఇద్దరు ఫిట్ స్టాపర్లతో మార్చి దాకా లాగగలమని నువ్వు రాసిస్తే నేను ఇప్పుడే ఊరుకుంటా.

పాలకొల్లు_పెద్దాయన

లాంగ్ త్రో సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదండి. ఓల్మో కథ చెప్పి మాట మార్చేశారు. గోల్ కొట్టే తల వేరు, మన గోల్ ముందు బంతిని కాచే తల వేరు.

స్టాపర్_యానాం

ఒప్పుకుంటా పెద్దాయన గారూ, అక్కడ ఇతను వాన్ డైక్ కాలేడు. అందుకే ఆ పని పొడుగువాళ్లకి వదిలేసి ఇతన్ని దగ్గరి పోస్టు దగ్గర నిలబెట్టాలి. 18న శనివారం రాత్రి ఏడున్నరకి ప్యాలెస్‌కి బోర్న్‌మత్‌తో మ్యాచ్ ఉంది. వీలైతే అందరూ చూడండి. బంతిని వదిలేసి ఎనభయ్యో నిమిషం నుంచి ఇతన్నే చూడండి. బోర్న్‌మత్ త్రో వేసిన ప్రతిసారీ ఎవరిని పట్టుకున్నాడు, మెడ ఎన్నిసార్లు తిప్పాడు, రాసుకోండి. ఆదివారం ఇక్కడే మళ్లీ తగువు పెట్టుకుందాం.

చెరువుగట్టు

రాసుకుంటా. కానీ నా రేటు ఇరవై దాటదు.