సెడమ్ మొక్కలు పరిచిన ఇంటి కప్పు మీద నాచు పెరిగితే గీకేయాలా?

నమస్కారం. హైదరాబాద్‌లో మేడమీద కుండీలు పెంచడం నాకు అలవాటే గానీ, ఇది వేరే సంగతి. స్వీడన్‌లో మా చెల్లెలి ఇంటి కప్పు మీద సెడమ్ చాప పరిచారు, అంటే దళసరి ఆకుల్లో నీరు దాచుకునే పొట్టి మొక్కలు చాపలా అల్లుకున్న పొర. మట్టి నాలుగు సెంటీమీటర్లకు మించదు. దక్షిణపు వాలు బాగానే ఉంది; నీడ పడే ఉత్తరం వైపు మాత్రం సెడమ్ పలచబడి నాచు కమ్ముకుంది. ఇంత పలుచని మట్టి అక్కడి చలికి పూర్తిగా గడ్డకడుతుంది, వేసవిలో త్వరగా ఎండిపోతుంది. గడ్డి కూడా మాడిపోతోందని చెల్లెలు అంటోంది, మన మే నెల ఎండ చూస్తే ఏమంటుందో!

నాచును గీకేయాలా, వదిలేయాలా? ఎరువు వేస్తే సెడమ్ కోలుకుంటుందా, లేక గాలికి వచ్చి పడిన కలుపే బలుస్తుందా? విరిగిన సెడమ్ ముక్కలు వేళ్లు వేస్తాయి కాబట్టి వాటినే ఖాళీల్లో చల్లుతానంటోంది చెల్లెలు. ఏ నెల మంచిది? మట్టి మందం పెంచమని మాత్రం చెప్పకండి, మంచు బరువే ఆ కప్పుకు ఎక్కువ. చలిదేశాల్లో ఉన్నవారు దయచేసి చెప్పండి.