ప్లౌమన్స్ లంచ్‌ని చద్దన్నం అనొచ్చా?

ఇంగ్లిష్ కథ అనువదిస్తున్న ఒక సభ్యురాలు నిన్న అడిగారు: ‘ప్లౌమన్స్ లంచ్’కి ‘చద్దన్నం’ అని పెట్టేయొచ్చా అని. వద్దండీ.

చద్దన్నం అంటే రాత్రి వండి పొద్దున మజ్జిగతోనో పెరుగుతోనో తినేది. ప్లౌమన్స్ లంచ్ (మాటకు మాట ‘దున్నేవాడి భోజనం’) అంటే రొట్టె, చీజ్, పక్కన బీరు. ఇంగ్లండ్ పొలాల్లో కూలీలు తరతరాలుగా రొట్టె, చీజ్‌తోనే కడుపు నింపుకున్నారు, నిజమే. కానీ పబ్బుల్లో ఈ పేరు పాకింది 1950ల చివర్లో. యుద్ధకాలంలో పెట్టిన చీజ్ రేషన్‌ని 1954లో ఎత్తేశారు. జనం మళ్లీ చీజ్ కొనాలని చీజ్ బ్యూరో అనే ప్రచార సంస్థ, 1960ల్లో పాల అమ్మకాలు చూసే మిల్క్ మార్కెటింగ్ బోర్డు దీన్ని గట్టిగా ప్రచారం చేశాయి. కాబట్టి మీ కథలో మనిషి పబ్బులో కూర్చుని ఆర్డర్ ఇస్తుంటే ‘ప్లౌమన్స్’ అనే ఉంచండి. పాతకాలపు కూలీ పొలం గట్టున మూట విప్పుతుంటే మాత్రం తెలంగాణలో అనే ‘సద్ది’ చక్కగా కుదురుతుంది. పొలానికి కట్టుకుపోయే తిండి ఏదైనా అక్కడ సద్దే కదా.

ఇంకో సంగతి. పబ్బులో చాలామంది ‘లంచ్’ అనరు, ‘ఒక ప్లౌమన్స్’ అంటారు, అంటే ‘దున్నేవాడిది’ ఒకటి అని. ‘ఈ కంచం ఎవరిది?’ అంటే ‘తమ్ముడిది’ అని మనం ఆపేసినట్టు. ఆ ‘ది’ నాకెంతో ఇష్టం.

ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో, చెడ్డర్ ఊరికి దగ్గర్లో ఒకసారి తిన్నాను. చెక్క పలక మీద రెండు వేళ్ల మందాన ఆ ఊరి పేరే ఉన్న చెడ్డర్ చీజ్, కత్తి పెడితే పొడిపొడిగా విరిగింది. గట్టి పెచ్చున్న రొట్టె, వెన్న, యాపిల్ ముక్కలు. అన్నిటికీ ప్రాణం వెనిగర్‌లో ఊరిన చిన్న ఉల్లిపాయ: కొరికితే పులుపు చెవుల దాకా పాకింది. అది లేకపోతే అంత చీజ్ నాలుగు ముక్కలకే వెగటు పుడుతుంది. ఇంకోచోట తురిమిన చీజ్, మెత్తటి బ్రెడ్ ఇదే పేరుతో పెడితే ప్రాణం ఉసూరుమంది. చీజ్ దిమ్మలా ఉండాలి, ఎవరి ముక్క వాళ్లే కోసుకోవాలి.

పక్కన నల్లగా చిక్కగా ఉండే ‘పికిల్’ని పచ్చడి అని రాయకండి. కూరగాయ ముక్కల్ని వెనిగర్‌లో, చక్కెరతో ఉడికిస్తారు. పచ్చడి అనగానే మన పాఠకుడికి నాలుక మండుతుంది, దాంట్లో కారమే ఉండదు. నేనైతే ‘తీపి పులుపు పికిల్’ అని రాస్తాను. ఇంతకన్నా మంచి మాట మీకు తడితే చెప్పండి.