నలుగురం, అయిదు రోజులు, బ్యాంకాక్–పట్టాయా: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

ఆమదాలవలస కుర్రోడు:
మేం నలుగురం స్నేహితులం, అందరికీ పాతికేళ్లకి అటూ ఇటూ. సంక్రాంతి వెళ్లాక అయిదు రోజులు థాయిలాండ్ అనుకుంటున్నాం. వీసా అక్కర్లేదని ఒకడు, దిగాక తీసుకోవాలని ఇంకొకడు, ఇక్కడి ఏజెంటేమో మనిషికి నాలుగు వేలు వీసా చార్జీ అంటున్నాడు. ఇంకో గోల ఏటంటే మాలో ఒకడు పదో తరగతి తప్పాడు, వాడి పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని ఇప్పట్నుంచే టెన్షన్ పడిపోతున్నాడు. రాత్రిపూట సంగతులు కూడా దాచకుండా చెప్పండి, మా ఇంట్లోవాళ్లు ఇవి చదవరులెండి.

పలాస పప్పు:
తమ్ముడూ, ఆ నాలుగు వేలు జేబులోనే ఉంచుకో. మనవాళ్లకి 2023 నవంబరులో 30 రోజులకి వీసా తీసేశారు, 2024 జులై 15 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఇలాంటివి వాళ్లు ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి టికెట్ కొనే రోజున ఢిల్లీలోని థాయ్ ఎంబసీ సైటు ఓసారి చూసుకో, నా మాటా వద్దు, ఏజెంటు మాటా వద్దు. 2025 మే 1 నుంచి మాత్రం టీడీఏసీ అని, థాయిలాండ్‌లో దిగేవాళ్లు నింపాల్సిన ఆన్‌లైన్ ఫారం తప్పనిసరి. దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు. దీనికి కూడా డబ్బులు గుంజే సైట్లు ఉన్నాయి, మా తోడల్లుడు అలాగే పోగొట్టుకున్నాడు. అసలు సైటు పేరు చివర గో డాట్ టీహెచ్ అని ఉంటుంది, అది చూసుకో. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలుండాలి.

సోంపేట, సౌదీ రిటర్న్:
ఈసీఆర్ సంగతి నన్నడుగు బాబూ, పదకొండేళ్లు ఆ ముద్రతోనే తిరిగాను. దానికి 18 దేశాల జాబితా ఉంది, గల్ఫ్ దేశాలతో పాటు థాయిలాండ్, మలేషియా కూడా అందులో ఉన్నాయి. కానీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వం ఇచ్చే ముందస్తు అనుమతి, కావాల్సింది ఆ దేశాలకి పనికి వెళ్లేవాడికి. చూసి రావడానికి వెళ్లేవాడికి అక్కర్లేదు. అయితే కౌంటర్లో అతనికి నీ మనసులో ఏముందో తెలీదు కదా, అందుకని రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంక్ స్టేట్‌మెంట్ కాగితం మీద ప్రింట్ తీసి పట్టుకెళ్లమను. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు, ఆ టైముకే చార్జింగ్ అయిపోతుంది.

అసలు మన వైపు కుర్రాళ్లని ఎక్కువ ప్రశ్నలు ఎందుకు వేస్తారో తెలుసా? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు, మన ఉత్తరాంధ్ర పిల్లలు చాలామంది ఇరుక్కున్నారు. మయన్మార్‌లో అలాంటి చోట్లకి బ్యాంకాక్ మీంచే దాటించేవాళ్లు. కాబట్టి అడిగితే విసుక్కోవద్దు. నలుగురూ ఒకే సమాధానం చెప్పండి, ఒకడు టూరని, ఇంకొకడు "మామయ్యగారి కంపెనీ చూడ్డానికి" అని అంటే అయిపోయినట్టే.

గంటస్తంభం:
రాత్రిపూట సంగతి అడిగావు కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. పట్టాయా వాకింగ్ స్ట్రీట్, సాయంత్రమయ్యాక బళ్లు ఆపేస్తారు, ఇక జనమే జనం, మన విజయనగరం సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర తోపులాటలా ఉంటుంది, కాకపోతే అమ్మవారి పాటల బదులు నాలుగు వైపుల నుంచి నాలుగు రకాల మోత. మేం ఓ బీర్ బార్‌లో కూర్చున్నాం. మన ముందు ఓ చిన్న చెక్క గ్లాసు పెడతారు, ఏం తెచ్చినా చీటీ చుట్టి అందులో దోపుతారు, లేచేటప్పుడు అవన్నీ కూడి డబ్బులు కట్టాలి. కౌంటర్ మీద తాడుతో ఓ ఇత్తడి గంట వేలాడుతోంది. నేను విజయనగరం వాణ్ని, గంట కనబడితే చెయ్యి ఊరుకోలేదు, లాగి కొట్టాను. అందరూ చప్పట్లు, కేకలు, భుజం తట్టడాలు, నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను. తర్వాత చూస్తే ఆ గ్లాసులో చీటీలు పట్టడం లేదు. గంట కొడితే బార్‌లో ఉన్నవాళ్లందరికీ నువ్వు మందు పోయిస్తున్నట్టు లెక్కట! 3,400 బాట్లు. బాట్ అంటే మన రెండున్నర, మూడు రూపాయల మధ్య, మీరే లెక్కేసుకోండి. మావాళ్లు ఇప్పటికీ నన్ను ఘంటసాల అనే పిలుస్తారు.

ఆమదాలవలస కుర్రోడు:
అన్నా, కడుపు పట్టుకుని నవ్వాను. ఇంకా ఏమైనా ఇలాంటివి ఉన్నాయా?

గంటస్తంభం:
ఉన్నాయి. పక్కన కూర్చున్న అమ్మాయి "లేడీ డ్రింక్" అని అడిగితే ఆమె తాగేది నీ బిల్లు, దానికి రేటు ఎక్కువ, ఇష్టం లేకపోతే నవ్వుతూ వద్దంటే చాలు. రోడ్డు మీద కార్డు చూపించి మేడ మీదికి రమ్మనేవాళ్ల వెంట వెళ్లొద్దు. 20 ఏళ్లు నిండనివాణ్ని బార్లలోకి రానివ్వరు, పాస్‌పోర్ట్ జెరాక్స్ దగ్గర ఉంచుకోండి. 2023 డిసెంబరు నుంచి బ్యాంకాక్, పట్టాయాల్లో లైసెన్సున్న చోట్ల తెల్లవారుజాము నాలుగింటి దాకా తెరుచుకోవచ్చు, కానీ అర్ధరాత్రి దాటితే సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో బీరు అమ్మరు. జెట్ స్కీ అద్దెకి తీసుకుంటే ముందే చుట్టూ వీడియో తియ్యి, పాత గీతకి నీ చేత కొత్త రంగు వేయించే రకాలు ఉంటారు.

పలాస పప్పు:
వేప్ ఎవరైనా కాలుస్తారా? ఇంట్లో పెట్టేసి రండి, అక్కడ నిషేధం. గంజాయి దుకాణాలు కనబడతాయి, 2022లో అనుమతిచ్చారు గానీ 2025 జూన్ నుంచి డాక్టర్ చీటీ ఉండాలన్నారు. అక్కడి సంగతి ఎలా ఉన్నా, తిరిగొచ్చేటప్పుడు సంచిలో చిన్న పొట్లం దొరికినా ఇక్కడ ఎన్డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కింద కేసే. ఎవరైనా "ఈ బ్యాగు పట్టుకెళ్లవా" అంటే, మన ఊరివాడైనా సరే, వద్దను.

బొబ్బిలి కోడలు:
ఆడవాళ్లం కూడా వెళ్తామండీ, కాస్త మాకూ చోటివ్వండి. మేం ఇద్దరం వియత్నాం వెళ్లాం. ఈ-వీసా ఒక్కసారి వెళ్లడానికి 25 డాలర్లు. మా బాధంతా ఇంటిపేరుతో. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరు మొత్తం ఒకే వరసలో ఉంది. ఫారం నింపిన ఆయన సొంత తెలివితో దాన్ని రెండు ముక్కలు చేశాడు, మొత్తం మళ్లీ కట్టి మళ్లీ పెట్టుకోవాల్సొచ్చింది, మొదట కట్టింది వెనక్కి రాదు. టికెట్ మీద, వీసా మీద, పాస్‌పోర్ట్ మీద అక్షరం పొల్లుపోకూడదు. దుబాయ్ వెళ్లేవాళ్లయితే మరీ జాగ్రత్త, 2022 నవంబరు నుంచి పేరు మొత్తం ఒకే ఒక్క మాటగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా కుదరదన్నారు. ఇంటిపేరు పెట్టించుకోవాలంటే రీఇష్యూ చేయించుకోవాలి, ప్రయాణానికి వారం ముందు గుర్తొస్తే లాభం లేదు.

సోంపేట, సౌదీ రిటర్న్:
అమ్మా మంచి మాట చెప్పావు. మన ఉత్తరాంధ్రలో సగం మంది పేర్లు ఇలాగే ఉంటాయి.

ఆమదాలవలస కుర్రోడు (నెలన్నర తర్వాత):
వెళ్లొచ్చేశాం! విశాఖ నుంచి వెళ్లడం మాకు కుదరలేదు, రాత్రి హౌరా రైలెక్కి కోల్‌కతా మీదుగా వెళ్లాం, దాంతో టికెట్ కూడా కలిసొచ్చింది. ఇమిగ్రేషన్‌లో ముగ్గురినీ రెండు నిమిషాల్లో పంపేశారు, మా ఈసీఆర్ వాణ్ని మాత్రం పక్కకి పిలిచారు. ఏం చేస్తావంటే "జీడిపప్పు బట్టీ సార్" అన్నాడు, ఎప్పుడొస్తావంటే రిటర్న్ టికెట్ ప్రింటు చేతిలో పెట్టాడు. పది నిమిషాలు, అంతే. సోంపేట అన్నగారికి దండం.

పట్టాయాలో ఊరంతా సాంగ్‌థావ్‌లు తిరుగుతాయి, మన ట్రక్ ఆటోల్లాంటివే. ఎక్కే ముందు రేటు అడిగితే మొత్తం బండి మాట్లాడుకుంటున్నావనుకుని వందలు చెబుతారు. మాట్లాడకుండా ఎక్కి, దిగాల్సిన చోట పైనున్న బజర్ నొక్కి, 10, 20 బాట్లు చేతిలో పెట్టి దిగిపోవడమే. మావాడు మొదటి రోజు ఆ బజర్ కూడా నొక్కలేదు, గంటస్తంభం అన్న కథ చదివిన భయంతో. మా వీధి దాటి కిలోమీటరు వెళ్లిపోయాం.