డిష్‌వాషర్‌లో నీళ్లు త్వరగా వేడెక్కడం లేదు, హీటర్ మార్చాలా?

ప్రశ్న: 70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రాం పెట్టినా గంట దాటాక కూడా నీళ్లు గోరువెచ్చగానే ఉంటున్నాయి. ఎర్రర్ కోడ్ ఏమీ రావట్లేదు. మాది బోరు నీళ్లు.

జవాబు 1: హీటర్ కొనే ముందు వోల్టేజీ చూడండి, అదీ మెషిన్ వేడిచేస్తున్నప్పుడే, అదే లైనులో. 230కి బదులు 170 వస్తుంటే హీటర్ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు అస్సలు వద్దు, నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి.

జవాబు 2: వోల్టేజీ బాగుంటే అడుగున ఉన్న ఫిల్టర్ తీసి కడగండి. మెతుకులు, జిడ్డు అడ్డుపడితే హీటర్ మీదుగా నీళ్లు సరిగ్గా పారవు, రక్షణ స్విచ్ హీటర్‌ని మధ్యమధ్యలో ఆపేస్తుంది. బోరు నీళ్లంటున్నారు, గార కూడా కట్టి ఉంటుంది. గిన్నెలు లేకుండా డీస్కేలర్ (గార కరిగించే మందు) వేసి వేడి ప్రోగ్రాం తిప్పండి. ఆ తర్వాత డిష్‌వాషర్ ఉప్పు నింపి, నీటి కాఠిన్యం సెట్టింగు పెంచండి, లేకపోతే మళ్లీ పేరుకుంటుంది.

జవాబు 3: హీటర్ పూర్తిగా కాలిపోతే నీళ్లు అసలు వేడెక్కవండి. మీకు గోరువెచ్చగా వస్తున్నాయి కాబట్టి మాడిన కనెక్టరు, కంట్రోల్ బోర్డు మీద రిలే (హీటర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్) దగ్గర వదులైన టంకం, వీటి మీదే నా అనుమానం. ప్లగ్ పీకేసి, హీటర్ వైర్లు విప్పి మల్టీమీటర్‌తో కొలవండి: 1800 వాట్లదైతే 29 ఓమ్‌ల దగ్గర చూపాలి. వారంటీ ఉంటే మాత్రం విప్పకండి.