తమ్ముడు సంతకం పెట్టమంటున్నాడు, ఏం చేయను?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. తాతల నాటి రెండెకరాల కొబ్బరితోట ఉంది. నా హక్కు వదులుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు తమ్ముడు. 1998లో నాకిచ్చిన కట్నంతోనే లెక్క తీరిపోయిందట! 2005 చట్ట సవరణతో కూతురికీ సమాన వాటా అని తెలుసు, మన రాష్ట్రంలో అయితే ఆ మాట 1986లోనే వచ్చింది. కానీ అడిగాక పుట్టింటి గడప తొక్కగలనా అన్నదే టెన్షన్. మొన్న సంక్రాంతికి వెళ్తే అమ్మ ఎప్పటిలాగే పూతరేకులు సంచిలో సర్దింది గానీ, నా మొహం వంక చూడలేదు. మా వారేమో "నీ ఇష్టం" అని తప్పుకున్నారు (ఆయన చెల్లెళ్లకీ ఏమీ ఇవ్వలేదు లెండి). సంతకం పెట్టి రిజిస్టర్ అయ్యాక మళ్లీ వెనక్కి తీసుకోవచ్చా? తోట పంచకుండా, ఏటా కాయల డబ్బులో వాటా రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పరూ?