గజేంద్రమోక్షం మీద గంటసేపు మాట్లాడితే అది ఉపన్యాసమా, ప్రసంగమా, ప్రవచనమా?

గ్రంథాలయమిత్ర: మా గ్రంథాలయ సభకు కరపత్రం అచ్చుకివ్వాలి. పోతన గజేంద్రమోక్షం మీద ఒకాయన గంటసేపు మాట్లాడతారు. పేరు పక్కన ఏం వేయాలన్నదాని మీద కమిటీలో మూడు మాటలు నడుస్తున్నాయి. ఏది సరి?

నిఘంటుదాసు: ఉపన్యాసం. ఉప, ని అనే ఉపసర్గల తర్వాత "అస్" ధాతువు. విషయాన్ని తెచ్చి వినేవాళ్ల ముందు ఉంచడం. వ్యాసం, విన్యాసం, సన్న్యాసం ఈ ధాతువు నుంచి వచ్చినవే. ప్రసంగంలో ఉన్నది "సంజ్" ధాతువు, అంటుకోవడం. అందుకే "ప్రసంగవశాత్తు" అంటాం. సందర్భాన్ని పట్టుకుని వచ్చే మాట అది, ఐదు నిమిషాలైనా చాలు. గంటసేపు ఒకే విషయాన్ని విప్పి చెప్పేదానికి ఆ పేరు చాలదు.

పాలమూరు పంతులు: ధాతువు పట్టుకుంటే అర్థం తేలదు దాసుగారూ. ఇదే ఉపన్యాసం హిందీలో, బెంగాలీలో నవల. మలయాళంలో వ్యాసం. తమిళంలో పురాణ ప్రవచనం. ధాతువు ఒకటేగా? వాడుక చూడండి. బడ్జెట్ ప్రసంగం, గవర్నరు ప్రసంగం, చర్చిలో ఆదివారం ప్రసంగం. వీటిలో ఐదు నిమిషాల్లో ముగిసేది ఏది?

రేపల్లె: కాలేజీలో ఉపన్యాసకులు ఉంటారు. ప్రసంగకులు ఉండరు.

నిఘంటుదాసు: అదీ సంగతి. అధికప్రసంగం అనే తిట్టు ఉంది, అధికోపన్యాసం లేదు. ఇంకొకటి, స్మారకోపన్యాసం, కీలకోపన్యాసం, అధ్యక్షోపన్యాసం అని గుణసంధి చేసి వేయాలి. "స్మారక ఉపన్యాసం" అని విడగొట్టకండి.

గ్రంథాలయమిత్ర: ఇది స్మారక సభ కాదండీ.

నిఘంటుదాసు: అయినా సంధి సంధే.

భాగవతశ్రీ: మూలపద్యం చదివి చెప్పేది ప్రవచనమే. పద్ధతి ఉంది దానికి. మాటలు విడదీసే పదచ్ఛేదం, మాటకు అర్థం చెప్పే పదార్థం, సమాసాలను విప్పి చెప్పే విగ్రహం, మాటలను వాక్యంగా కూర్చే అన్వయం, ఆక్షేపాలకు సమాధానం. వ్యాఖ్యానానికి చెప్పిన ఐదు లక్షణాలివి. ఈ వరసలో వెళ్తే గంటకు నాలుగైదు పద్యాలు కూడా కష్టం. అన్వయం వదిలేసి కథలోకి దూకితే అది కాలక్షేపం అవుతుంది, ప్రవచనం అనిపించుకోదు. తైత్తిరీయ ఉపనిషత్తులో శీక్షావల్లి అనే భాగం స్వాధ్యాయ ప్రవచనాలను ఏమరవద్దని చెప్పింది. అక్కడ ప్రవచనమంటే బోధించడమే.

పాలమూరు పంతులు: క్రైస్తవులకు ప్రవచనమంటే దేవుడు ప్రవక్తతో పలికించిన మాట. కరపత్రం ఊరంతా పంచుతారు.

భాగవతశ్రీ: పోతన పద్యానికి కూడా మా మాట మేం వాడుకోకూడదా?

పాలమూరు పంతులు: "మా" ఏమిటండీ? పోతన బడిలో చదువుకున్న ప్రతివాడి పోతన. గ్రంథాలయం గుడి కాదు.

రేపల్లె: పేరు ఏదైతేనేం? ఒక సభలో ఉపన్యాసమని అచ్చువేసి, పన్నెండో నిమిషంలో "ముగించండి" అని చీటీ అందించారు. అరవై నిమిషాలకు తయారైన మనిషి అప్పటికి పీఠికలోనే ఉన్నాడు. ముందు సమయం రాయండి.

భాగవతశ్రీ: పంతులుగారూ, మీకు నచ్చనిది పదం కాదు. సూటిగా చెప్పండి.

పాలమూరు పంతులు: చెబుతాను. ప్రవచనమని వేస్తే జనం దణ్ణం పెట్టి లేచిపోతారు. ఎవరూ చెయ్యెత్తరు. ఉపన్యాసమైతే చివర ప్రశ్నలకు చోటుంటుంది. నాకు కావలసింది ఆ చోటు.

భాగవతశ్రీ: ఐదో లక్షణం మీరు చదవలేదా? ఆక్షేప సమాధానం.

పాలమూరు పంతులు: వక్త తనే ఆక్షేపం లేవనెత్తి తనే జవాబు చెప్పుకోవడం అది. వెనక వరసలోంచి డిగ్రీ చదివే పిల్ల లేచి అడగడం వేరు. "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని గజేంద్రుడే సందేహపడ్డాడు. ఆ పద్యం చెప్పే సభలో శ్రోతకు నోరు లేకపోతే ఎలా?

భాగవతశ్రీ: అడగొద్దని నేననలేదు. అన్వయం పూర్తికాకుండా మధ్యలో అడ్డుపడితే పద్యం ముక్కలవుతుంది. నా బాధ అది.

నిఘంటుదాసు: ఉపన్యాసమనే వేయండి.

గ్రంథాలయమిత్ర: "ఉపన్యాసం 45 నిమిషాలు, ప్రశ్నలు 15 నిమిషాలు" అని వేస్తున్నాను.

భాగవతశ్రీ: వేయండి. 45 నిమిషాల్లో పది పద్యాలు చెప్పమని మాత్రం ఆయన్ని అడక్కండి. మూడు చాలు. ఆ మూడూ కరపత్రం వెనకవైపు అచ్చువేయించండి, అడిగేవాళ్లు పద్యం చూసి అడుగుతారు.